కళింగపట్నం నీళ్లతో రీఫ్ ట్యాంక్ సైక్లింగ్ చెయ్యొచ్చా?

ప్రశ్న: అన్నలూ, మాది శ్రీకాకుళం. 200 లీటర్ల రీఫ్ ట్యాంక్ (పగడాలు, సముద్రపు చేపలు పెంచే అక్వేరియం) కొన్నాను, డ్రై రాక్ (ఎండు రాయి) వేసి కళింగపట్నం బీచ్ నీళ్లు పోద్దామనుకుంటన్నాను, సరిపోద్దా? క్లౌన్ ఫిష్ ఎప్పుడు వెయ్యాలి?

జవాబు: వద్దు తమ్ముడూ, అక్కడ వంశధార కలుస్తాది కదేటి, వానాకాలంలో ఉప్పు పడిపోద్ది, బురద ఒకటి. ఆర్వో నీళ్లలో రీఫ్ సాల్ట్ కలుపు, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో సాంద్రత 1.025 చూపించాలి.

ఇంకో జవాబు: సైక్లింగ్ అంటే చేప వదిలే విషపు అమ్మోనియాని మార్చేసే బ్యాక్టీరియాని ముందే పెంచుకోడం. దానికి అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) వచ్చేలా చుక్కలు వెయ్, ముందు నైట్రైట్ పెరుగుద్ది, తర్వాత అదే నైట్రేట్ అవుద్ది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చేదాకా చేప జోలికెళ్లకు, 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు. ముందే వేస్తే దాని మొప్పలు కాలిపోతాయి, పాపం కదా.

మరొకరు: సముద్రంలోంచి పగడాలు మాత్రం ఏరకు, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. కరెంటు పోతే పంపులు ఆగిపోతాయి, బ్యాటరీ ఎయిర్ పంప్ దగ్గరుంచుకో.