'గెట్' ఒక్కటే, అర్థాలు బోలెడు: ఎక్కడ ఏది పట్టుకోవాలి?

మొలక
డిక్షనరీలో 'గెట్' తీస్తే పొందు, తెచ్చు, అవు, చేరు, అర్థమవు, చేయించు అని సాగుతూనే ఉంటుంది. వాక్యం చూడగానే ఏ అర్థమో పట్టుకునే దారి ఉందా? 'గెట్ టు', 'గెట్ డన్' దగ్గర మరీ తికమక.

పదబంధం
ఉందండీ. గెట్ వెనకాల ఏ రకం మాట వచ్చిందో చూస్తే సగం తేలిపోతుంది.

నామవాచకం వస్తే అందడమో తేవడమో. 'ఐ గాట్ ఎ లెటర్' అంటే ఉత్తరం వచ్చింది, 'గెట్ మీ సమ్ వాటర్' అంటే కాసిని నీళ్లు తెచ్చిపెట్టు. విశేషణం వస్తే మార్పు: 'ఇట్ ఈజ్ డార్క్' చీకటిగా ఉంది, 'ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్' చీకటి పడుతోంది. చోటు పేరు వస్తే చేరడం: 'గెట్ టు ద స్టేషన్'. హోమ్, హియర్, దేర్ ముందు మాత్రం 'టు' పెట్టకూడదు.

'గెట్ టు' తర్వాత క్రియ వస్తే వీలు చిక్కడం. 'ఐ గాట్ టు సీ హిమ్' అంటే ఆయన్ని చూసే అవకాశం దొరికింది. 'ఐ హ్యావ్ గాట్ టు సీ హిమ్' అంటే చూసి తీరాలి. చిక్కేమిటంటే, మాటల్లో ఆ 'హ్యావ్' మింగేసి 'గాటా' అనేస్తారు. అప్పుడు సందర్భమే దిక్కు.

క్రియాపదం
'గెట్ డన్' తెలుగువాళ్లకు తేలికే, మనకు 'చేయించు' ఉంది కదా. 'ఐ రిపేర్డ్ ద ఫోన్' బాగుచేశాను, 'ఐ గాట్ ద ఫోన్ రిపేర్డ్' బాగుచేయించాను. ముందు వస్తువు, ఆ తర్వాతే క్రియ మూడో రూపం. 'ఐ గాట్ రిపేర్డ్ ద ఫోన్' అంటే తప్పు.

ఎవరి చేత చేయించారో చెప్పాలంటే 'టు' కావాలి: 'ఐ గాట్ హిమ్ టు సైన్'. అదే హ్యావ్, మేక్ అయితే 'టు' రాదు: 'ఐ హ్యాడ్ హిమ్ సైన్', 'ఐ మేడ్ హిమ్ సైన్'. తెలుగులో మూడూ 'సంతకం పెట్టించాను' అనే. కానీ గెట్‌లో నచ్చజెప్పి ఒప్పించడం, హ్యావ్‌లో పని పురమాయించడం, మేక్‌లో బలవంతం ఉంటాయి. 'ఐ మేడ్ ద మేనేజర్ అప్రూవ్ ఇట్' అని మెయిల్ పెడితే ఆయన మెడలు వంచినట్టు ఉంటుంది. జాగ్రత్త.

చుక్కానీ
బస్సు దిగడం కూడా చెప్పుకోవాలి. 'గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్' మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, బయట వింతగా చూస్తారు. అక్కడ 'గెట్ ఆఫ్ ద బస్'. నిచ్చెన, చెట్టు దిగితే 'గెట్ డౌన్' సరైనదే.

లోపల లేచి నడవగలిగే బస్సు, రైలు, విమానం, ఓడలకు ఆన్, ఆఫ్. వంగి దూరి కూర్చునే కారు, టాక్సీలకు ఇన్, ఔట్ ఆఫ్. సైకిలు, గుర్రం పైకెక్కి కూర్చునేవి కాబట్టి మళ్లీ ఆన్, ఆఫ్.

అల్పవిరామం
'వస్తోంది' అన్నచోటల్లా గెటింగ్ పెట్టడం మన అలవాటు. 'ఐ యామ్ గెటింగ్ పెయిన్', 'ఐ యామ్ గెటింగ్ డౌట్' అలా పుట్టినవే. 'మై నీ హర్ట్స్', 'ఐ హ్యావ్ ఎ క్వశ్చన్' అనండి. ఇంగ్లిష్‌లో డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న కాదు, అపనమ్మకం. టీచర్‌తో 'ఐ హ్యావ్ ఎ డౌట్' అంటే మీరు చెప్పింది నమ్మబుద్ధి కావట్లేదు అన్నట్టు వినిపించొచ్చు.

పదబంధం
@అల్పవిరామం గారూ, చిన్న సవరణ. తలనొప్పికి గెట్ చెల్లుతుంది. 'ఐ యామ్ గెటింగ్ ఎ హెడేక్' మొదలవుతోంది, 'ఐ గెట్ హెడేక్స్' తరచూ వస్తుంటాయి. రెండూ సహజమే.

మొలక
గాట్, గాటెన్ తేడా? ఇంకోటి, 'గెట్ ఓవర్ ఇట్', 'గెట్ ఇట్ ఓవర్ విత్' ఒకటేనా?

చుక్కానీ
అమెరికాలో 'హి హ్యాజ్ గాట్ ఎ కార్' అంటే కారు ఉంది, 'హి హ్యాజ్ గాటెన్ ఎ కార్' అంటే సంపాదించుకున్నాడు. బ్రిటన్‌లో ఎక్కువగా రెండింటికీ గాట్ చాలు.

రెండోది, ఒకటి కావు. 'గెట్ ఓవర్ ఇట్' ఆ బాధలోంచి తేరుకో. 'గెట్ ఇట్ ఓవర్ విత్' ఇష్టంలేని పని ఎలాగోలా అయిందనిపించు.

క్రియాపదం
చేయించు గురించి ఒక్కటి మరిచాను. 'ఐ గాట్ మై ఫోన్ స్టోలెన్' అన్నా వాక్యం నిర్మాణం అదే. ఫోన్ పోయిందని చెప్పబోతే, దొంగను మీరే కుదుర్చుకున్నారా అని ఎగతాళి చేసే వీలుంది. 'మై ఫోన్ గాట్ స్టోలెన్' అంటే ఆ గొడవ ఉండదు.