బాధ లేని లయ తప్పుకు జీవితాంతం మందు వాడాలా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
మా నాన్నగారికి 76 ఏళ్లు, బీపీ ఉంది. కంటిలో శుక్లం తీయించడానికి ముందు చేసిన ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదుల లయ తప్పడం) బయటపడింది. దడ లేదు, ఆయాసం లేదు, రోజూ సంతకు నడిచి వెళ్లివస్తారు. అయినా రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందు వాడాలన్నారు. కాలు జారి పడితే తలలో రక్తస్రావమవుతుందని అన్నయ్య వద్దంటున్నాడు. ఏ బాధా లేని మనిషికి ఇది అవసరమా?

వంశధార, గుణుపురం:
మీ అన్నయ్యగారి మాటే నాకు సబబుగా తోస్తోంది. నాలుగేళ్లుగా నా గుండె ఉన్నట్టుండి ఒక దెబ్బ తప్పి, తరువాతి దెబ్బ గట్టిగా కొడుతుంది. 24 గంటలు గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరీక్ష, గుండె స్కాన్ అయిన ఎకో చేసి, గుండె కండరం బాగుంది గనుక మందు వద్దన్నారు. లయను సరిచేయబోయి ప్రాణం తీసిన మందులూ ఉన్నాయి. గుండెపోటు వచ్చినవారిపై అమెరికాలో జరిగిన కాస్ట్ అధ్యయనంలో ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు లయ మధ్యలో పడే ఇలాంటి అదనపు దెబ్బలను అణచాయి గాని, అవి వాడినవారిలోనే మరణాలు పెరగడంతో 1989లో వాటిని ఆపవలసి వచ్చింది.

రుషికుల్య, బరంపురం:
వంశధార గారూ, మీరు చెప్పినవి నిజమే, కాని వీరి నాన్నగారి జబ్బు వేరు. ఆయన గుండె పై గదులు సరిగా ముడుచుకోక వణుకుతున్నాయి. ఎడమ పై గదికి సంచిలా అంటిపెట్టుకున్న మూలలో రక్తం నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అందుకు దడ ఉండనక్కరలేదు. ఈ మందు లయ కోసం కాదు, ఆ గడ్డ కోసం. మా అమ్మకూ ఏ బాధా లేదు. ఒక ఉదయం చేతిలోని టీ గ్లాసు జారిపోయింది, మాట ముద్దగా వచ్చింది. లయ తప్పిన సంగతి మాకు ఆసుపత్రిలోనే తెలిసింది.

పక్షవాతం ముప్పుకు వైద్యులు వేసే లెక్కలో 75 నిండిన వయసుకు 2, బీపీకి 1, మొత్తం 3. మగవారికి 2 వచ్చినా చాలు, మందు సూచిస్తారు. ఆస్పిరిన్‌తో సరిపెట్టడమూ కుదరదు: 2011లో వెలువడిన అవెరోస్ అధ్యయనంలో రక్తం గడ్డకట్టకుండా చూసే ఎపిక్సబాన్ అనే మందు ఆస్పిరిన్ కంటే పక్షవాతాలను సగానికి పైగా తగ్గించింది, పెద్ద రక్తస్రావాలు ఇంచుమించు సమానంగానే ఉన్నాయి. అయితే ఎకో తప్పక చేయించండి. కీళ్లవాత జ్వరం వల్ల మైట్రల్ కవాటం (ఎడమ పై, కింది గదుల మధ్య తలుపు) బాగా ఇరుకై ఉంటే, రక్తం గడ్డకట్టనివ్వని మరో మందు వార్ఫరిన్ వాడాలి. అన్నయ్యగారి భయమూ తీసిపారేయదగినది కాదు. బీపీ అదుపులో ఉండాలి, మోతాదు కోసం మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూడాలి. మోకాళ్ల నొప్పికి దుకాణంలో కొని వేసుకునే బిళ్లలేమైనా ఉన్నాయా? వాటితో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
రోజూ రాత్రి ఒకటి వేసుకుంటారని అమ్మ ఇప్పుడే చెప్పింది. సోమవారం ఆ అట్ట కూడా డాక్టరు గారికి చూపిస్తాము. అన్నయ్యనూ వెంట తీసుకువెళతాను.