అప్‌డేట్: హాస్టల్ పార్టీ వంట అయింది

విదేశంలో చదువుకుంటున్నాను, సెలవుల పార్టీకి హాస్టల్ కిచెన్‌లో అందరికీ వండాలి, ముందు రోజే చేసి పెట్టుకోవచ్చా అని అడిగాను కదా. వంట బాగా కుదిరింది. సలహాలిచ్చిన వాళ్లందరికీ చాలా థ్యాంక్స్ అండి.

అన్నిటికన్నా పనికొచ్చింది చల్లార్చడం గురించి చెప్పిన మాట. పెద్ద గిన్నెడు కూరను అలాగే ఫ్రిజ్‌లో పెడితే పైన చల్లబడినా మధ్యలో గంటల తరబడి వేడి ఉంటుంది. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బ్యాక్టీరియా త్వరగా పెరుగుతుంది. అందుకే లోతు తక్కువ ట్రేలలోకి సర్ది, 2 గంటల్లోపే లోపల పెట్టేశాం. మర్నాడు మధ్యభాగం కూడా 74 డిగ్రీలకు చేరేదాకా వేడిచేశాం. అన్నం మాత్రం అప్పటికప్పుడే వండాం. వండిన అన్నం బయట ఉండిపోతే అందులో ఒకరకం బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు.

ఉప్పు, కారం లెక్కప్రకారం పెంచకుండా రుచి చూస్తూ కలపమన్నవారికి ప్రత్యేకంగా దండం.

జీడిపప్పు, బాదం లాంటివి పడని అమ్మాయి ఒకరున్నారు. ఆమె వంటకాన్ని అన్నిటికన్నా ముందు, శుభ్రంగా కడిగిన గిన్నెల్లో విడిగా చేశాం. ప్రతి గిన్నె ముందూ ఏమేం వేశామో చీటీ పెట్టాం. ఆమె భయం లేకుండా తిన్నందుకు నాకు ఎంత సంతోషమైందో! తర్వాతి పార్టీకీ వంటకు రమ్మన్నారు, వెళ్తున్నాను.