అప్‌డేట్: చాటుగా ఉండాలా, చాటింపు వేయాలా అని అడిగింది నేనే

విజయనగరంలో నేనూ, నా మిత్రుడూ తప్పెటగుళ్ల (రేకు తప్పెటలు వాయిస్తూ ఆడే మన ఉత్తరాంధ్ర జానపద కళ) మోతను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఎలక్ట్రానిక్ సంగీతం చేస్తున్నామని, ప్రచారం చేసుకోవాలా, తెలిసినవాళ్లకే వినిపించాలా అని గత నెల మిమ్మల్ని అడిగాను.

చాలామంది లండన్ ఎలక్ట్రానిక్ సంగీతకారుడు బరియల్‌ను ఉదాహరణగా చూపించారు. నిజమే, ఆయన 2008 వరకు అసలు పేరు బయటపెట్టలేదు. కానీ మనిషి కనబడకపోయినా రికార్డులు దుకాణాల్లో దొరికేవి. అమెరికాలోని డెట్రాయిట్ ఎలక్ట్రానిక్ సంగీత బృందం అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ వాళ్లూ ముసుగులు ముఖాలకే వేసుకున్నారు, పాటలకు కాదు. నాకు దారి దొరికింది అక్కడే.

పాటలన్నీ బ్యాండ్‌క్యాంప్‌లో, అంటే కళాకారులు తమ పాటలు తామే అమ్ముకునే వెబ్‌సైట్‌లో, పెట్టాం. డిజిటల్ అమ్మకాలపై వాళ్లు తీసుకునేది 15 శాతం. ఫొటోలు, రీల్స్ లేవు. "పెళ్లి పెట్టుకుని శుభలేఖలు దాచినట్టుంది" అని మిత్రుడు అలిగాడు. రెండు రోజులు మాటల్లేవు.

చివరికి రాజీపడి, మూడు లాంతర్ల దగ్గర టీకొట్టు గోడకు చేతిరాత కాగితం ఒకటి అంటించాం: ఆదివారం సాయంత్రం, ఫలానా మేడ మీద, ఫోన్లు సంచిలో. ఇరవై ముగ్గురు వచ్చారు. రేకు తప్పెట మీద బేస్ పడగానే నీళ్ల ట్యాంకు మూత గడగడలాడింది. కింది వాటాలోని మాస్టారు పైకి వచ్చారు. తిడతారనుకుంటే, "ఇది మా ఊరి బృందం వాయించిందే కదూ?" అన్నారు.

అవును, వాళ్లదే. బృందం గురువుగారి పేరు మేమెక్కడా వేయలేదని అప్పుడు తట్టింది. మా పేర్లు దాచుకోవడం మా ఇష్టం; ఆయన పేరు దాచడానికి మేమెవరం? ఆ రాత్రే చేర్చాను. అమ్మకాల్లో వాటా గురించి మాట్లాడటానికి ఈ వారం ఆయన ఊరు వెళుతున్నాం.