మైల ఉన్న ఇంట ముగ్గు వద్దంటే, బొమ్మల కౌన్సెలింగ్ దేనితో మొదలుపెట్టాలి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట వైపు, కిడ్నీ జబ్బుతో మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలకు బొమ్మల ద్వారా, అంటే బొమ్మలు గీయించి, మట్టితో చేయించి మనసులో బాధ బయటికి తెచ్చే కౌన్సెలింగ్ (ఆర్ట్ థెరపీ) చేసినవాళ్లుంటే చెప్పండి. ఆడవాళ్లకు మామూలుగా చుక్కల ముగ్గుతో మొదలుపెడతాం, చేతికి అలవాటైన పని కదా. కానీ మైల ఇంట ముగ్గు వెయ్యరు. అక్కడ ముగ్గు పిండి ముందు పెడితే వాళ్ల నోట మాట కూడా రాదు. కాగితం, మైనపు రంగులు ఇస్తే "మాకు బొమ్మలు రావమ్మా" అని పక్కన పెట్టేస్తారు. మనిషికో గుప్పెడు బంకమట్టి కాస్త నయం, కుదరకపోతే పిసికేసి మళ్లీ చెయ్యొచ్చు.

అసలు చిక్కు వేరే. అందరికీ ఒకే పెద్ద కాగితం ఇస్తే పెద్దాయన గీసిందే పిల్లలూ గీస్తారు. విడివిడిగా 20 నిమిషాలు గీయించి తర్వాత కలిపితే మేలా? కోడలి కాగితం అత్తకు చూపించేముందు కోడలిని ఒక్కమాట అడిగితే సరిపోతుందా, లేక అత్త ఎదుట కాదనలేదు కాబట్టి విడిగా అడగాలా? పెద్దకర్మ అయ్యాక ఎన్నాళ్లకు ముగ్గు తేవచ్చు?