మోకాలి మార్పిడికి బదులు ఎముకను సరిచేసే ఆపరేషన్ మేలా?

ప్రశ్న (కూకట్‌పల్లి): మా అన్నయ్యకు 48 ఏళ్లు. దొడ్డికాళ్ల వల్ల మోకాలి లోపలివైపు గుజ్జు అరిగింది. మార్పిడి ఇప్పుడే వద్దని, ఎముక కోసి సరిచేద్దామని డాక్టరు గారు అంటున్నారు. చేయించవచ్చా?

జవాబు 1: బయటివైపు గుజ్జు బాగుంటే చేయించవచ్చు. మోకాలి కింది ఎముకను లోపలివైపు నుంచి కోసి, బయటి అంచు తెగకుండా మెల్లగా తెరిచి, ప్లేటు, స్క్రూలతో బిగించడం వల్ల బరువు అరిగిన భాగం నుంచి బయటివైపుకు మళ్లుతుంది. తుంటి నుంచి చీలమండ వరకు, నిలబెట్టి తీసిన ఎక్స్‌రే మీద గీతలు గీసి, ఎముకను ఎంత కోణంలో సరిచేస్తారో చూపించమని తప్పక అడగండి.

జవాబు 2: రుమటాయిడ్ కీళ్లవాతం (ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్లను దెబ్బతీసే జబ్బు) ఉన్నవారికి ఇది నప్పదు. ఎముక అతకడానికి నెలలు పడుతుంది; సిగరెట్ తాగితే ఇంకా ఆలస్యమవుతుంది.

అడిగినవారు: సిగరెట్ అలవాటు ఉందండీ. తర్వాత మార్పిడి అవసరమైతే?

జవాబు 1: అప్పుడూ చేయించుకోవచ్చు, కాకపోతే ముందుగా ప్లేటు తీయవలసి రావచ్చు. సిగరెట్ మాత్రం ఆపరేషన్‌కు ముందే మాన్పించండి.