లె హావ్ర్ గ్రిడ్: 6.24 మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలి?

1944 బాంబు దాడుల్లో నేలమట్టమైన ఫ్రాన్స్ రేవు పట్టణం లె హావ్ర్‌ని ఆర్కిటెక్ట్ ఓగుస్త్ పెరె బృందం కాంక్రీట్‌తో మళ్లీ కట్టింది. అందులో ఒక అపార్ట్‌మెంట్ భవనానికి 1:100 స్కేల్‌లో మోడల్ చేస్తున్నాను. ప్లాన్ అంతా 6.24 మీటర్ల చదరాల గ్రిడ్ మీద వేశారు కాబట్టి స్తంభాల మధ్య 62.4 మిల్లీమీటర్లు పెట్టాను. మధ్య భాగం చక్కగా కుదిరింది. మూలకి వచ్చేసరికి మాత్రం గోడ సగం స్తంభం మందం మేర బయటికి వస్తోంది. ఫొటోల మీద స్కేల్ పెట్టి చూశాను, ఏటవాలుగా తీసినవి కావడంతో ఒక్కో ఫొటోకి ఒక్కో కొలత వస్తోంది. మూల స్తంభాన్ని సన్నం చేస్తే పక్కనున్న నిలువు కిటికీల వరస చెడిపోతోంది. ఆ భవనాల అందమంతా ఆ వరసలోనే ఉంది, దాన్ని పాడుచేయడం ఇష్టం లేదు.

ప్లాన్లు చూసినవాళ్లు చెప్పండి: ఆ 6.24 మీటర్లు స్తంభం మధ్య నుంచి మధ్యకా, అంచు నుంచి అంచుకా?